నాన్న మందుల డబ్బా

పోయిన నవంబరులో ఒక ఆదివారం పొద్దున ఆరున్నరకి అమ్మ దగ్గర్నుంచి ఫోన్. ఆ టైములో మా అమ్మ ఫోన్ చేసిందంటే చుట్టాల్లో ఎవరన్నా పోయి ఉండాలి, లేదా నాన్నకి ఏదన్నా అయి ఉండాలి. రెండోదే. "మీ నాన్న బాత్రూం దగ్గర తూలిపోయారే, తలుపు పట్టుకుని ఆగారు కాబట్టి సరిపోయింది, కళ్లు తిరుగుతున్నాయంటున్నారు, నువ్వేం కంగారు పడకు" అంది. కంగారు పడకు అని చెప్పాక పడకుండా ఎవరుంటారు? నేనుండేది బెజవాడలో సత్యనారాయణపురం, వాళ్లు గుంటూరు బ్రాడీపేట. ముఖం కడుక్కుని బయల్దేరాను, ఆదివారం కాబట్టి వారధి మీద రద్దీ లేదు, ఎనిమిదిలోపే వాళ్లింట్లో ఉన్నాను.

బీపీ మెషీన్ పెట్టి చూస్తే 98 బై 58. నాన్నకి 74 ఏళ్లు, ఎప్పుడూ 130కి తగ్గని మనిషి.

ఆయన మందులన్నీ ఒక పాత బిస్కెట్ల రేకు డబ్బాలో ఉంటాయి. దాన్ని మంచం మీద బోర్లించాను. సగం వాడిన షీట్లు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న వైపే కత్తిరించేసిన ముక్కలు, రబ్బరు బ్యాండు చుట్టిన పాత చీటీలు, ఎండిపోయిన కంటి చుక్కల సీసా, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు, ఎందుకో ఒక పిన్నీసు. వాటిల్లో రెండు షీట్లు పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి ఆయన ఎనిమిదేళ్లుగా వాడుతున్న బీపీ బిళ్ల, దాని మీద పెద్దక్షరాల్లో కంపెనీ పెట్టుకున్న పేరు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో టెల్మిసార్టన్ 40 ఎంజీ. రెండోది పది రోజుల కిందట నేను జన ఔషధి అనే సర్కారు చౌక మందుల షాపులో కొనిచ్చింది, దాని మీద పెద్దక్షరాల్లోనే టెల్మిసార్టన్ 40 ఎంజీ. నాన్న పది రోజులుగా రోజూ పొద్దున రెండూ వేసుకుంటున్నారు.

"రెండూ ఎందుకు వేసుకున్నారు నాన్నా?"

"ఇది డాక్టరు గారు రాసింది. అది నువ్వు తెచ్చింది. ఏది మానమంటావు?"

నా దగ్గర జవాబు లేదు. తప్పు నాది. కొత్త షీటు తెచ్చి డబ్బాలో పడేశాను గానీ పాతది తీసెయ్యలేదు, ఇది దాని బదులు అని చెప్పలేదు. డాక్టరు గారికి ఫోన్ చేస్తే ఆ రోజుకి బీపీ బిళ్ల ఆపేసి పడుకోబెట్టమన్నారు, సాయంత్రానికి 118కి వచ్చింది, మర్నాటికి మామూలైపోయారు. ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఆ రోజు నుంచి పెద్దవాళ్ల మందులకి సర్కారు ఏమిస్తుంది, ఎక్కడిస్తుంది, ఎవరికిస్తుంది అని వెతకడం మొదలుపెట్టాను. వెతికితే తేలిన మొదటి సంగతి, మన దగ్గర సర్కారు ఇచ్చే ఆరోగ్య కార్డు ఆసుపత్రి మంచానికి డబ్బు కడుతుంది, రోజూ వేసుకునే బిళ్లకి కట్టదు. ఇది తెలియక చాలామంది కార్డు చేయించేసి ఇక మందుల బాధ తీరిందనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను.

నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ముప్పయ్యైదేళ్లు గుమాస్తాగా చేశారు. పింఛను లేదు, కార్మికులకుండే ఇఎస్ఐ వైద్య బీమా లేదు, సీజన్లో దగ్గు మాత్రం మిగిలింది. పోయిన ఏడాది ఆగస్టులో నిమ్ము చేసి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. అప్పటికి నెల ముందే, ఎందుకైనా మంచిదని, ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించాను. 2024 అక్టోబరు 29న మొదలుపెట్టిన పథకం అది, 70 ఏళ్లు నిండితే చాలు, ఆదాయం ఎంత, ఇల్లు ఎంత అని అడగరు, ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యం ఉచితం, పాత జబ్బులకి కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. వయసుకి ఆధారే ప్రమాణం. అక్కడే మా అమ్మ దగ్గర తేడా వచ్చింది. ఆమె లెక్కలో ఆమెకి 70 దాటాయి, దివిసీమ ఉప్పెన నాటికి తన వయసెంతో చెప్పి మరీ లెక్క తేలుస్తుంది, ఆధార్లో మాత్రం 67. ఆధార్ తీసుకున్న రోజు ఎవరో ఏదో వేశారు, జనవరి ఒకటో తేదీ అని. మన పెద్దవాళ్లలో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు పాపం.

సరే, ఆసుపత్రిలో ఆరు రోజులకీ ఒక్క రూపాయి కట్టలేదు, ఏ మాటకా మాట చెప్పాలి. డిశ్చార్జి రోజు మాత్రం ఫార్మసీ కౌంటర్లో చీటీ చేతిలో పెట్టి మందులు బయట కొనుక్కోమన్నారు. ఆ ఆసుపత్రి పేరు అనవసరం, ఇది ఎక్కడైనా జరగొచ్చు. ఈ పథకం ప్యాకేజీలో డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు కూడా కలిసే ఉంటాయి, చేరకముందు మూడు రోజుల ఖర్చు కూడా. ఇది నాకు ముందు రాత్రే తెలిసింది కాబట్టి అడిగాను. కౌంటర్లో అబ్బాయి "మేడమ్, అదంతా అక్కడ మాట్లాడుకోండి" అని ఆరోగ్యమిత్ర డెస్కు వైపు చూపించాడు, డెస్కులో ఎవరూ లేరు, టీకి వెళ్లారట. అరగంట కూర్చున్నాను. పథకం హెల్ప్‌లైన్ 14555కి ఫోన్ చేస్తానని పైకే అన్నాక మందుల కవరు వచ్చింది. అడక్కపోతే రాదు, అడిగితే వస్తుంది. అడగడానికి ముందు రాత్రి చదువుకుని రావాల్సి రావడమే నాకు నచ్చలేదు.

పదహారో రోజు నుంచి మళ్లీ మన జేబే. షుగరుకి రెండు రకాలు, బీపీకి ఒకటి, కొలెస్ట్రాల్‌కి ఒకటి, రక్తం పల్చబడడానికి ఒకటి, గ్యాసుకి ఒకటి, ఇన్‌హేలరు. కొత్తపేటలో మందుల షాపులో నెల బిల్లు 4,260 రూపాయలు. ఎన్టీఆర్ వైద్య సేవ కూడా ఇలాంటిదే, మొదలైనప్పటి పేరు ఆరోగ్యశ్రీ, 2007 నుంచి ఉంది. దానిలో కొన్ని చికిత్సలకి ఆపరేషన్ తర్వాత ఏడాది పాటు ఫాలోఅప్ మందులు ఇస్తారు, మీ వాళ్లకి గుండెకి సంబంధించినది ఏదన్నా జరిగి ఉంటే ఇది తప్పకుండా అడగండి. కానీ ఉత్త బీపీ, ఉత్త షుగరు అంటే అదీ కదలదు.

మరి రోజువారీ బిళ్లలు ఎక్కడ? మా ఇంట్లో దీనికి ముందే దారి కనిపెట్టింది అమ్మ, మాకెవరికీ చెప్పకుండా. మూడేళ్లుగా ఇంటి దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రానికి నెలకోసారి వెళ్లి మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ తెచ్చుకుంటోంది. ఉచితం. పొద్దున తొమ్మిదికి వెళ్తే పదకొండుకి బయటపడొచ్చు, బీపీ చూస్తారు, వేలు గుచ్చి షుగర్ చూస్తారు, పుస్తకంలో రాస్తారు, నెలకి సరిపడా ఇస్తారు. ఇప్పుడు వీటి బోర్డుల మీద ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని ఉంటోంది. కేంద్రం పెట్టిన లెక్క ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో 172 రకాల మందులు, ఉపకేంద్రంలో 105 రకాలు ఉండాలి. ఉండాలి అన్నది కాగితం, ఉన్నాయా అన్నది ఆ రోజు మన అదృష్టం. అమ్మకి ఒకసారి 5 ఎంజీ ఆమ్లోడిపిన్ లేదని 2.5 ఎంజీవి ఇచ్చి రెండేసి వేసుకోమన్నారట, ఆమె నెలంతా లెక్క తప్పకుండా అలాగే వేసుకుంది.

"నాన్నని కూడా తీసుకెళ్లొచ్చుగా అమ్మా?"

"ఆయన రారు. లైన్లో నిలబడితే యార్డులో వాళ్లెవరన్నా చూస్తారని."

ఈ నామోషీ ఒకటి. మెట్‌ఫార్మిన్ ఎక్కడ పుచ్చుకున్నా మెట్‌ఫార్మినే అని నాన్నకి చెప్పి చూశాను. "ఊరికే ఇచ్చేదాంట్లో పస ఉండదమ్మా" అన్నారు. ముప్పయ్యైదేళ్లు మిర్చి రంగు చూసి ధర చెప్పిన మనిషికి ఊరికే వచ్చే సరుకు మీద నమ్మకం కుదరదు, ఆయన తప్పు కాదులెండి.

అందుకే ఉచితం కాకుండా చౌకది చూపించాను. జన ఔషధి. ఈ షాపులు 2008 నుంచే ఉన్నాయి, మొదటిది అమృత్‌సర్లో తెరిచారు, కానీ చాలా ఏళ్లు అటూ ఇటూ ఈడ్చుకొచ్చి 2016 తర్వాతే ఊపందుకున్నాయి. 2025 జనవరికల్లా దేశమంతటా 15 వేలు దాటాయి, మందులు రెండు వేల రకాల పైచిలుకు. బ్రాండు మందుతో పోలిస్తే సగం నుంచి 80 శాతం దాకా తక్కువ. ఒక్క ఉదాహరణ చెప్తాను, ఎందుకంటే ఇది మా ఇంట్లోనే జరిగింది. షుగరుకి వాడే సిటాగ్లిప్టిన్ అనే బిళ్ల ఉంది. 2022లో దాని పేటెంట్ అయిపోయింది, ఆ సెప్టెంబరులోనే జన ఔషధిలో 50 ఎంజీ పది బిళ్లలు 60 రూపాయలకి పెట్టారు. అప్పట్లో పేరున్న బ్రాండ్లలో ఈ మందు రకాలు 162 నుంచి 258 రూపాయల దాకా ఉండేవి. నాన్న దాన్ని అప్పటికే రెండేళ్లుగా వాడుతున్నారు. అంటే జన ఔషధికి వచ్చాక మూడేళ్ల పాటు, 2025 దాకా, మేము ఊరికే ఎక్కువ కట్టాం. ఎవరూ చెప్పలేదు. డాక్టరు గారు పాత చీటీనే తిరగరాస్తారు, షాపతను చీటీలో ఉన్నదే ఇస్తాడు.

షాపతన్ని అనడానికి కూడా లేదు. చీటీలో బ్రాండు పేరు రాసి ఉంటే దాని బదులు వేరే కంపెనీది ఇవ్వడానికి అతనికి చట్టప్రకారం వీల్లేదు. మరి డాక్టర్లు మందు పేరు రాయొచ్చుగా అంటే, 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ జెనరిక్ పేర్లే, అంటే కంపెనీ పేరు కాకుండా అసలు మందు పేరే, రాయాలని నిబంధన తెచ్చింది, డాక్టర్లు గోల చేస్తే అదే నెలలో పక్కన పెట్టేసింది. నెల కూడా ఉండలేదు పాపం. వాళ్ల వాదన వాళ్లకుంది, జెనరిక్ మందులన్నింటి నాణ్యతకీ ఎవరు పూచీ అంటారు. జన ఔషధి వాళ్లు ప్రతి బ్యాచ్‌నీ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించాకే షాపులకి పంపుతామంటారు. నేను రెండు వైపులా నమ్మలేదు, మూడు నెలలు వాడించి, మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష హెచ్‌బీఏ1సీ చేయించాను, అంతకు ముందు 7.4, తర్వాత 7.3. నాకది చాలు. మీ ఇంట్లో ఇలాగే వస్తుందని కాదు, మార్చిన తర్వాత పరీక్ష చేయించుకోండి అని చెప్పడానికి రాశాను. థైరాయిడ్ బిళ్లలు, ఫిట్స్ మందులు, వార్ఫరిన్ లాంటివి మాత్రం డాక్టరు గారిని అడక్కుండా కంపెనీ మార్చొద్దు, వాటిల్లో కొంచెం తేడా వచ్చినా ఒంట్లో తెలిసిపోతుంది.

డాక్టరు గారి దగ్గరికి వెళ్లి ఒకటే అడిగాను. "డాక్టర్ గారూ, బ్రాండు పక్కన మందు పేరు కూడా పెద్దక్షరాల్లో రాసిపెడతారా, నాన్నగారు జన ఔషధిలో కొనుక్కుంటారు" అని. ఏమన్నా అంటారేమోనని టెన్షన్ పడ్డాను, ఆయన నవ్వి రాసిచ్చారు. ఇన్‌హేలర్ మాత్రం మార్చొద్దన్నారు, ఆ పరికరం నాన్నకి అలవాటైందని, కొత్తది ఇస్తే సరిగా పీల్చకపోవచ్చని. అది కూడా న్యాయమే. ఇప్పుడు నెల బిల్లు 1,700 దగ్గరికి వచ్చింది, దానిలో సగం ఇన్‌హేలర్‌దే. షాపుకి వెళ్లేముందు జన ఔషధి సుగమ్ అనే యాప్‌లో మందు ఉందో లేదో, ధరెంతో చూసుకోవచ్చు. అయితే యాప్‌లో కనపడిందల్లా మన వీధి షాపులో ఉంటుందనుకోకండి, స్టాక్ అయిపోతే రెండు మూడు వారాలు రాని సందర్భాలు నేను చూశాను. అందుకని నెలాఖరు దాకా ఆగకుండా పది రోజుల ముందే వెళ్తాం.

మా వీధిలో రైల్వేలో రిటైరైన వాళ్లు ఎక్కువ. వాళ్లకి ఈ గొడవేదీ లేదు. రిటైరయ్యేటప్పుడు ఒక నెల మూలవేతనం దాకా కట్టేస్తే ఇక జీవితాంతం భార్యాభర్తలిద్దరికీ రైల్వే ఆసుపత్రి వైద్యం, మందులతో సహా. పొద్దున్నే స్టీలు క్యారేజీ సంచిలో ఆసుపత్రి పుస్తకం పెట్టుకుని వెళ్తుంటారు, వచ్చేటప్పుడు అదే సంచినిండా మందులు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదార్లకి సీజీహెచ్ఎస్ అనే వైద్య పథకం ఉంది, గుంటూరులోనూ బెజవాడలోనూ వెల్‌నెస్ సెంటర్లున్నాయి, అవి అంతకు ముందు తపాలా శాఖ డిస్పెన్సరీలు. సీజీహెచ్ఎస్ లేని ఊళ్లో ఉండి ఓపీ వైద్యం వద్దనుకుంటే నెలకి 1,000 రూపాయలు ఫిక్స్‌డ్ మెడికల్ అలవెన్సు ఇస్తారు. అమ్మవాళ్ల పక్కింటి మావయ్య గారు తపాలా శాఖలో చేశారు, ఊళ్లోనే సెంటరున్నా ఏళ్ల తరబడి ఆ అలవెన్సే తీసుకుంటూ మందులకి మూడు వేలు పెడుతున్నారు, మొన్ననే లెక్క వేసుకుని ముక్కున వేలేసుకున్నారు. సీజీహెచ్ఎస్ ఉన్నవాళ్లు వయ వందన కార్డు కావాలంటే రెండిట్లో ఏదో ఒకటే ఎంచుకోవాలి, మాజీ సైనికుల ఇసిహెచ్ఎస్‌కీ అంతే. తొందరపడి సీజీహెచ్ఎస్, ఇసిహెచ్ఎస్ వదులుకోకండి, మందులిచ్చేది అవే.

ఇంకొకటి చాలామందికి తెలియదు, నాకూ తెలియదు, స్పిన్నింగు మిల్లులో చేసిన మా మేనమామ చెప్తే తెలిసింది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇఎస్ఐ కట్టి, కనీసం ఐదేళ్లు ఇఎస్ఐలో ఉండి, వయసు నిండి రిటైరైతే, ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ ఇఎస్ఐ వైద్యం కొనసాగించుకోవచ్చు. నెలకి పది రూపాయలు! డిస్పెన్సరీలో మందులిస్తారు, పెద్ద జబ్బైతే గుణదల ఇఎస్ఐ ఆసుపత్రికి పంపుతారు. రిటైరైన రోజు మిల్లు ఆఫీసులో ఎవరూ చెప్పలేదట, శాలువా కప్పి స్వీట్ ప్యాకెట్ ఇచ్చారట. మామయ్య నాలుగేళ్లు ఆలస్యంగా తెలుసుకున్నాడు.

ఇదంతా ఇలా వెతుక్కుంటుంటే డాలస్ నుంచి పెద్దమ్మ ఫోన్. ఆమె అక్కడికెళ్లి గ్రీన్‌కార్డు వచ్చి ఏడేళ్లయింది. నాన్న కళ్లు తిరిగిన సంగతి విని, "ఇక్కడ మందులకి విడిగా ఇన్సూరెన్సే ఉందే, పార్ట్ డి అంటారు" అంది. నాకు ఆసక్తి పుట్టి గంటసేపు ఆమెని పట్టుకుని అడిగాను. అక్కడ 65 ఏళ్లు దాటినవాళ్లకి మెడికేర్ అని సర్కారు ఆరోగ్య బీమా ఉంటుంది, ఆసుపత్రికి ఒక భాగం, డాక్టర్లకి ఒక భాగం, మందులకి 2006 నుంచి ఈ పార్ట్ డి. గ్రీన్‌కార్డుతో వరసగా ఐదేళ్లు అక్కడుంటేగాని మనవాళ్లకి తలుపు తెరుచుకోదు, చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలకి అసలే లేదు. డబ్బులో పెద్ద వాటా ప్రభుత్వానిది, ప్లాన్లు అమ్మేది ప్రైవేటు కంపెనీలు, ప్రతి ప్లానుకీ తన మందుల జాబితా తనది. ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 లోపు ప్లాను మార్చుకోవచ్చు. ఆ తేదీలు పెద్దమ్మకి కార్తీక పౌర్ణమి కంటే బాగా గుర్తు, ఎందుకంటే తనకి అర్హత వచ్చినప్పుడు మందులేమీ వాడట్లేదు కదా అని చేరలేదు, ఆలస్యం చేసిన ప్రతి నెలకీ ఒక శాతం చొప్పున జరిమానా ప్రీమియంలో కలిపేశారు, అది ఇప్పట్లో పోయేది కాదు.

కానీ చేరాక మాత్రం హద్దు ఉంది. ప్లాను జాబితాలో ఉన్న మందులకి ఏడాదిలో మన జేబులోంచి పోయేది 2025లో 2,000 డాలర్లు దాటకూడదని పెట్టారు, 2026లో అది 2,100. ఇన్సులిన్ నెలకి 35 డాలర్లు మించకూడదు. తీరా పెద్దమ్మ చీటీ చదువుతుంటే దానిలో ఎంపాగ్లిఫ్లోజిన్ వినిపించింది, నాన్న వాడే రెండో షుగర్ బిళ్ల కూడా అదే! అక్కడ ఆ మందుకి ప్రభుత్వం కంపెనీతో బేరమాడి 30 రోజులకి 197 డాలర్లకి దించింది, 2026 జనవరి నుంచి అమలు. బేరం లేకముందు కంపెనీ రాసుకున్న ధర 570 డాలర్ల పైన. 2003లో పార్ట్ డి చట్టం చేసినప్పుడు ప్రభుత్వం ధరల దగ్గర బేరమాడకూడదని దానిలోనే రాసుకున్నారట, 2022లో వేరే చట్టం తెచ్చి కొన్ని మందులకి మార్చుకున్నారు. స్పీకర్ ఫోన్లో వింటున్న నాన్న, "కొనేవాడు బేరమాడకూడదని కొనేవాడే రాసిచ్చాడా!" అని పకపకా నవ్వారు. ఆయన అంతలా నవ్వడం ఆ నెలలో అదే మొదటిసారి.

మన దగ్గర ఆ బిళ్ల కథ వేరే. 2025 మార్చిలో ఇక్కడ పేటెంట్ గడువు అయిపోయింది, వారంలోపే మన కంపెనీలు పోటీపడి తెచ్చాయి, అరవై రూపాయలుండే బిళ్ల పది, పదిహేనుకి దిగింది. ఇన్సూరెన్సు లేకుండానే నాన్నకి అందుతోంది. మరి ఎవరి పద్ధతి మంచిది అని పెద్దమ్మా నేనూ కాసేపు వాదించుకున్నాం. చౌక మందు వాడేవాడికి మన పద్ధతే నయం. కానీ రేపు నాన్నకి చౌకగా దొరకని మందు ఏదన్నా రాస్తే, నెలకి ఇరవై వేలదో ముప్పై వేలదో, ఇక్కడ హద్దు అనేది లేదు. ఇంత ఖర్చయ్యాక ఇక నువ్వు కట్టక్కర్లేదు అని చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ప్రైవేటు పాలసీలు కూడా చాలావరకు ఆసుపత్రిలో చేరితేనే. నాకు పెద్దమ్మ మీద కాస్త అసూయ కలిగింది అక్కడే.

ఖర్చు సంగతి వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, షీటు మీద పాత ఎంఆర్‌పీ ఉన్నా కొత్త ధరే తీసుకోవాలి, బిల్లు అడిగి చూసుకోండి. అత్యవసర మందుల జాబితాలో ఉన్న 384 మందులకి ప్రభుత్వం గరిష్ఠ ధర పెడుతుంది, జాబితాలో లేనివాటికి కంపెనీ ఏడాదికి పది శాతం దాకా పెంచుకోవచ్చు, మీ బిల్లు ఏటా ఎందుకు పెరుగుతోందో దీంతో కొంత అర్థమవుతుంది. అమ్మానాన్నలకి 60 దాటి, వాళ్ల పేరు మీద ప్రీమియం కట్టే హెల్త్ పాలసీ లేకపోతే, వాళ్ల మందుల ఖర్చు ఏడాదికి 50,000 దాకా పిల్లలు ఆదాయపు పన్నులో మినహాయింపుగా చూపించుకోవచ్చు, పాత పన్ను పద్ధతిలో ఉంటేనే, అదీ నగదు ఇవ్వకుండా కట్టి ఉంటేనే. అందుకే నాన్నకి ఫోన్లో యూపీఐ నేర్పాను. ఒకసారి జన ఔషధి షాపులో 84 రూపాయల బిల్లుకి 840 కొట్టారు. షాపాయన మంచివాడు కాబట్టి, "బాబాయ్ గారూ, సున్నా ఎక్కువైంది" అని వెంటనే తిరిగిచ్చేశాడు.

డబ్బా ఇప్పుడు మారిపోయింది. ఆ ఆదివారమే మార్కర్ పెన్ను కొని ప్రతి షీటు వెనకా తెలుగులో రాశాను, మందు పేరు, దేనికి, ఎప్పుడు. టెల్మిసార్టన్, బీపీ, పొద్దున ఒకటి. ఎంపాగ్లిఫ్లోజిన్, షుగరు, పొద్దున ఒకటి. కొత్త షీటు ఇంట్లోకి వస్తే పాత షీటు డబ్బాలోంచి బయటికి పోవాలి, ఇది అమ్మ పెట్టిన రూలు. షీటు కత్తిరిస్తే తేదీ లేని వైపు నుంచి కత్తిరించాలి, ఇది నాది. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతారు, అటార్వాస్టాటిన్ దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగిపోతారు.

మొన్న ఆదివారం వెళ్లేసరికి ఇంట్లో లేరు. "మందులకి వెళ్లారు" అంది అమ్మ. కాసేపటికి ఖాళీ సంచితో వచ్చారు.

"ఏం నాన్నా, దొరకలేదా?"

"నాలుగో లైన్లో షాపుకి సెలవు. నిన్న అడిగితే ఆ కొలెస్ట్రాల్‌ది బుధవారం వస్తుందన్నాడు. ఇంట్లో ఇంకా తొమ్మిది ఉన్నాయి, లెక్కపెట్టాను" అన్నారు, సంచి మేకుకి తగిలిస్తూ. అమ్మ వంటింట్లోంచి, "వచ్చే నెల నాతో రండి, అక్కడా ఇస్తున్నారు" అంది. ఆయన వినపడనట్టు పేపరు తీశారు.